షిఫ్టు డ్యూటీ

టాటా కార్ఖానా ఊళ్లో ఎమ్మెల్యేలు కూడా షిఫ్టుల్లోనే పనిచేస్తారు. కద్మా ఓటర్లుండే జంషెడ్‌పూర్ పశ్చిమ హాజరుపట్టీ చూడండి: 2005లో సరయూ రాయ్, 2009లో బన్నా గుప్తా, 2014లో రాయ్, 2019లో గుప్తా, 2024లో మళ్లీ రాయ్. మూడో మనిషికి గేటు పాసే లేదు!

గుప్తా గారు దిగిపోయిన తీరు మరీ విడ్డూరం. 2024లో రాష్ట్రమంతా ఆయన కూటమి గెలిచింది. ఆరోగ్య మంత్రిగా ఉన్న ఆయన మాత్రం ఓడారు. సర్కారుకు ఆరోగ్యం, మంత్రికి అస్వస్థత.

రాయ్ గారి కథ ఇంకా రంజు. 2019లో బీజేపీ టికెట్ నానబెడితే అలిగి పక్కనున్న తూర్పు సీటుకెళ్లి, స్వతంత్రుడిగా నిలబడి ఏకంగా ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌నే 15 వేలకు పైగా ఓట్లతో ఓడించారు. ఐదేళ్లకు నితీశ్ పార్టీ కండువాతో అదే బీజేపీ కూటమిలోకొచ్చి, పాత సీట్లో కూర్చున్నారు. ఖాళీ అయిన తూర్పులో అదే కూటమి తరఫున గెలిచిందెవరో తెలుసా? దాస్ గారి కోడలు పూర్ణిమ! మామగారిని ఓడించిన పెద్దమనిషి, కోడలు ఇప్పుడు అసెంబ్లీలో ఒకే జట్టు.

సీటు మారింది, పార్టీ మారింది, శత్రువులు చుట్టాలయ్యారు. రాయ్ గారి ఎన్నికల గుర్తు మాత్రం అప్పుడూ ఇప్పుడూ గ్యాస్ సిలిండరే.