మీరు ఆదా చేసినది రూ. 1,140

మొన్న ఆదివారం మళ్ళీ 1,140 రూపాయలు మిగిల్చుకున్నాం. పోయిన నెల 980 మిగిల్చాం. ఇట్లాగే మిగిల్చుకుంటూ పోతే దసరా నాటికి ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకోక తప్పదు.

నమ్మకపోతే బిల్లు చూపిస్తాను. మూరెడు కాగితం. చిట్టచివర బొద్దు అక్షరాల్లో ‘మీరు ఆదా చేసినది’. దాని పైన, కళ్ళజోడు ఉంటే తప్ప కనిపించనంత సన్నగా, మేం కట్టింది: 6,312. పోయేటప్పుడు చీటీలో రాసుకున్నవి నాలుగు: కందిపప్పు, నూనె, సబ్బుపొడి, చాయపత్తి. వచ్చేటప్పుడు బండిలో ఉన్నవి నలభై మూడు. మా ఇంటామె ఆ కాగితంలో ఆఖరి వరుస ఒక్కటే చదువుతుంది. నేను ఆఖరి వరుస తప్ప మిగతావన్నీ చదువుతాను. అందుకే ఒకే బిల్లు గురించి మాట్లాడుకుంటున్నట్టు మా ఇద్దరికీ ఎప్పుడూ అనిపించదు.

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్లు. పోను నూరు, రాను నూరు. కంకోల్ టోల్ గేటు దగ్గర ఫోన్ పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి కుయ్‌మంటుంది. పెట్రోలు, టోలు, సదాశివపేట దగ్గర చాయ, మనవడి ఐస్‌క్రీము, మనవడు పారబోసుకున్నాక రెండో ఐస్‌క్రీము. ఇవన్నీ తీసేస్తే ఆ మిగిలినదాంట్లో మిగిలిందెంతో ఒకసారి కారులోనే నోటిలెక్క వేసి చెప్పాను. పటాన్‌చెరు నుంచి ఇంటిదాకా ఎవరూ నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి సంచులు విప్పితే మొదట బయటపడింది అల్లం వెల్లుల్లి పేస్టు. జహీరాబాద్‌లో ఉండి అల్లం హైదరాబాద్‌లో కొనడం! మా చుట్టుపక్కల చేలల్లో అల్లం పండుతుంది. అది లారీ ఎక్కి పోయి, ఎక్కడో రుబ్బించుకొని, సీసాలో దూరి, మా కారెక్కి తిరిగొచ్చింది. ఆ వెనకాల కొర్రల ప్యాకెట్టు, ఇరవై శాతం తగ్గింపుతో. పస్తాపూర్ మా ఇంటికి కూతవేటు. అక్కడి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఏటా సంక్రాంతి వేళ కొర్రలు, సామలు, సజ్జల విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పి పాత పంటల జాతర చేస్తారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించేనాటికి వాళ్ళు ఎన్ని జాతరలు చేశారో! ఆ బండ్లు మా వాకిలి ముందు నుంచే పోతాయి. మేం మాత్రం నూరు కిలోమీటర్లు పోయి, ఏసీలో నిలబడి, ‘అబ్బ, కొర్రలు!’ అనుకున్నాం.

ఈ జబ్బు ఒక్కనాటిది కాదు. త్రినేత్ర, ఫుడ్ వరల్డ్ రోజుల్లో అవి ఎండాకాలం చల్లగాలికి దూరి, ఒక్క బిస్కెట్ పుడా కొని బయటపడే చోట్లు. 2001లో బిగ్ బజార్ దిగింది. 2006లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో తన మొట్టమొదటి దుకాణాలు హైదరాబాద్‌లోనే తెరిచింది. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో ఐకియా తెరిస్తే కుర్చీలూ మంచాలూ చూడటానికి జనం జాతరకు పోయినట్టు పోయారు, రోడ్లు జామయ్యాయి. మధ్యలో త్రినేత్ర పేరు మారి మోర్ అయింది, బిగ్ బజార్ బోర్డులు 2022లో దిగిపోయాయి. అయినా పెద్ద కొట్ల సంఖ్య తగ్గలేదు. ఒకటి పోయినచోట రెండు మొలిచాయి. ముంబై పొవాయ్‌లో 2002లో మొదలైన డిమార్ట్ అయితే హైదరాబాద్‌లో అడ్రసులు చెప్పడానికి కూడా పనికొస్తోంది. ఒకప్పుడు ‘వేపచెట్టు దాటి, కల్లు కాంపౌండు ఎదురు సందు’ అనేవారు, ఇప్పుడు ‘డిమార్ట్ వెనక’ అంటున్నారు. ఆ కంపెనీ 2017లో షేర్లు అమ్మకానికి పెడితే ధర ఎంతో తెలుసా? 299. మూడు వందలు అనలేదు చూడండి. ఆ అలవాటు అంత తొందరగా పోదు. మార్కెట్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఆ షేరు రెట్టింపు దాటింది. ఆ కొట్లలో సరుకే తప్ప షేరు కొనని నా బోటి వాళ్ళు బిల్లు చివరి వరుస చూసుకొని మురిసిపోయారు.

అసలు తగ్గింపు అంటే దేనిమీద తగ్గింపు? ప్యాకెట్టు మీద అచ్చేసిన ఎం.ఆర్.పి. మీద. అన్ని పన్నులూ కలిపి ఇంతకు మించి అమ్మరాదని ధర అచ్చు వేయాలని 1990లో నిబంధన పెట్టారు, దుకాణదారు ఎక్కువ గుంజకుండా. కొనేవాణ్ణి కాపాడటానికి గీసిన గీత అది. కానీ ఆ గీతను ఎంత ఎత్తున గీయాలో గీసేవాడి ఇష్టం. తాటిచెట్టంత ఎత్తున గీసి అక్కణ్ణుంచి కిందికి దూకి చూపిస్తే మనం చప్పట్లు కొడుతున్నాం. మొన్న 400 అని అచ్చేసిన బ్రష్షుల కట్ట 199కి ఇచ్చారు. 201 మిగిలిందంది మా ఇంటామె. ఆ బ్రష్షులను 400 పెట్టి కొన్న మహానుభావుడు ఎక్కడైనా ఉంటే చెప్పండి, శాలువా కప్పి వస్తాను.

నేను చేసే పనల్లా బండి తోయడం. 1937లో అమెరికాలోని ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు, చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని కనిపెట్టి చక్రాల బండి తయారు చేయించాడు. మొదట్లో ఎవరూ దాన్ని ముట్టలేదు. మగవాళ్ళకు నామోషీ, ఆడవాళ్ళకు పిల్లల బండి తోసి తోసి విసుగు. దాంతో ఆయన జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి దుకాణమంతా బండ్లు తోయించాడట, చూసి మిగతావాళ్ళూ నేర్చుకుంటారని. రిటైరైన పంతుల్ని, నేను జీతం లేకుండానే తోస్తున్నాను. పైగా నాకెప్పుడూ ఎడమ ముందు చక్రం అలిగిన బండే దొరుకుతుంది. నేను పప్పుల వైపు తిప్పితే అది డబ్బాల వైపు పోతుంది.

డబ్బాలంటే గుర్తొచ్చింది. ఈ డబ్బాల సంగతి ఎత్తగూడదనుకున్నాను గానీ ఎత్తాక ఆగను. వెళ్ళిన ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ డబ్బాల సెట్టు మా ఇంటికి వస్తుంది. మూడు కొంటే 99, ఆరు కొంటే 179. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ఏమీ తోచక టార్చిలైటు పట్టుకొని వంటింట్లో లెక్కపెట్టాను. అరవై ఒకటి. వాటిలో పందొమ్మిదింట్లో తినేవి ఉన్నాయి. మిగతావాటిలో డబ్బాలున్నాయి. పెద్దదాంట్లో చిన్నది, చిన్నదాంట్లో ఇంకా చిన్నది, అన్నిటికన్నా చిన్నదాంట్లో ఒక రబ్బరు బ్యాండు. మూతలు వేరే. మూతలేని డబ్బాలు పదకొండు, డబ్బాలేని మూతలు పద్నాలుగు. ఈ పదకొండుకూ ఆ పద్నాలుగులో ఒక్కటీ పట్టదు, అది ఏ గణితమో నాకు అర్థం కాలేదు, నేను చెప్పింది లెక్కలే. ఆ మూతలన్నీ ఒక డబ్బాలో దాచాం. దానికి మూత లేదు. పారదర్శకం కదా, లోపల ఏముందో కనిపిస్తుంది, అయినా ప్రతి డబ్బా మీదా చీటీ ఉంటుంది. ‘మినప్పప్పు’ అని చీటీ, కళ్ళెదుట లోపల బొంబాయి రవ్వ. దేన్ని నమ్మాలి? నేను చీటీని నమ్మి ఒకసారి తిట్లు తిన్నాను, కళ్ళను నమ్మి ఇంకోసారి. పక్కింటికి కూర పంపిస్తే డబ్బా తిరిగి రాదు, వచ్చినా మనది రాదు, మనదే వచ్చినా మూత వాళ్ళది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపేది. 33 రూపాయల డబ్బాకు ఆ మర్యాద ఎవరు చేస్తారు?

అదే స్టీలు సామానుకైతే పేరుండేది. గిన్నెల కొట్టు అరుగు మీద ఒకాయన కూచొని టకటక చెక్కేవాడు: ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, తారీకు. మా పెళ్ళిలో వచ్చిన గిన్నెలు చదివితే మా చుట్టాల చరిత్ర మొత్తం వస్తుంది. ఎవరు బిందె ఇచ్చారు, ఎవరు గ్లాసుతో సరిపెట్టారు, ఎవరు వేరేవాళ్ళ పెళ్ళిలో వచ్చిన పళ్ళెం పేరు కూడా చెరపకుండా మాకిచ్చారు, అన్నీ. ఉప్పు పోసుకునే గిన్నె మీద మా గల్లీ కిరాణం సేటు పేరుంది, 12-5-1998, మా గృహప్రవేశం నాటిది. దుకాణం పేరులో ఒక అక్షరం తప్పు చెక్కితే దాని మీదే ఇంకో అక్షరం చెక్కించి తెచ్చాడు.

ఇక ఆ సేటు దగ్గరికి వస్తాను, ఎటూ రావాల్సినవాణ్ణే. మూణ్ణెల్లుగా ఆయన దుకాణంలో నెల సామాను తీసుకోవడం లేదు. కొత్తిమీర, పెరుగు, అర్ధరాత్రి గుర్తొచ్చే ఉప్పు మాత్రం అక్కడే, అదీ ఉద్దెర. ‘ఊళ్ళో ఉంటలేం సేటూ, అందుకే’ అని చెప్పాను. మొన్న ఆ పెద్ద కొట్లో (ఏదని అడక్కండి, లోపలికి పోతే అన్నీ ఒక్కటే) నూనెల వరుస తిరిగేసరికి ఎదురుగా సేటు.

గుండె ఝల్లుమంది. బండి వదిలేసి ఫినాయిల్ సీసాల గుట్ట వెనక్కి జారుకున్నాను. ఒక నిమిషం ఆగి తొంగి చూస్తే సేటు లేడు. చాపల చాటు నుంచి ఆయన టోపీ మాత్రం కనిపిస్తోంది. నేను కుడికి పోతే టోపీ ఎడమకు పోతోంది. నేను దాక్కుంటున్నాను సరే, ఆయనెందుకు దాక్కుంటున్నట్టు? అరవై దాటిన ఇద్దరం అట్లా రెండు ప్రదక్షిణలు చేసి, పప్పులు తూచే చోట ఢీకొన్నాం.

“ఏం సారూ, మీరీడ?”

“బిడ్డ ఇంటికొచ్చినం సేటూ. మీరేంది?”

“నేను గూడ బిడ్డ ఇంటికే.”

ఆయనకు ఇద్దరూ కొడుకులే. నా బిడ్డ ఉండేది నిజామాబాద్‌లో. ఆ ఇద్దరు బిడ్డల క్షేమసమాచారాలు కాసేపు మర్యాదగా అడిగి తెలుసుకున్నాం. ఆ తర్వాత ఆయన బండి చూశాను. నూనె ప్యాకెట్లు, సబ్బులు, బిస్కెట్లు, చాయపత్తి. ఇంటి సామాను కాదు, దుకాణం సామాను.

“ఏజెంటు నాకిచ్చే రేటు కన్న ఈడ అమ్మే రేటే తక్కువున్నది సారూ. ఏం జెయ్యాలె?” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ రకం నూనె ఒక బిల్లు మీద నాలుగు ప్యాకెట్లే ఇస్తమంటున్రు. మీ బిల్లు మీద ఇంకో నాలుగు ఎయ్యరాదుండ్రి? పైసలు మీ ఖాతల కొట్టేస్త.”

వేశాను. అంటే పైన చెప్పిన 1,140లో కొంత సేటుది. ఈ సంగతి మా ఇంటామెకు ఇంకా తెలియదు.

మాట్లాడుతూనే ఆయన అలవాటు కొద్దీ కందిపప్పు నాలుగు గింజలు తీసి పంటి కింద వేసుకున్నాడు. నీలం చొక్కా కుర్రాడొకడు వచ్చి “అంకుల్, తినొద్దు” అన్నాడు. సేటు నమలడం ఆపేశాడు. ఉమ్మేయలేదు, మింగలేదు, బిల్లు కట్టేదాకా అట్లాగే నోట్లో పెట్టుకున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఆయన సంచుల్లో చెయ్యి పెట్టి ఒక్కో ప్యాకెట్టూ లెక్కపెట్టి బిల్లుకు చిల్లు పొడిచాడు. నా వెనక పదిమంది లైన్లో ఉన్నారు, ఎవరికీ అదొక విశేషం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం రెండు నెలలు ఆగితే, మా ఇంటికి బియ్యం పంపి, పుస్తకంలో రాసుకున్నాడో లేదో కూడా చెప్పని మనిషి, సంచీ మూతి విప్పి పట్టుకొని పక్కకు చూస్తూ నిలబడ్డాడు. నేను షూ లేసు కట్టుకున్నాను. అది కట్టే ఉంది.

నిన్న సాయంత్రం బెల్లం కోసం ఆయన దగ్గరికి పోయాను. మా కారులో వచ్చిన నూనె ప్యాకెట్లు నాలుగూ గూట్లో నిలబడి ఉన్నాయి. ఇంటామె నూనె కూడా తెమ్మంది. మనం తెచ్చిన నూనె ఏమైందని అడిగితే, ఒకటి కొంటే ఒకటి వచ్చింది కదా, ఒకటి చెల్లెలికి పంపిందట, ఇంకోటి ఏ డబ్బాలో పోసిందో దొరకడం లేదట.

“నూనె ఎంత సేటూ?”

“మీకెట్ల రేటు జెప్పాలె సారూ? తెచ్చింది మీరే గద.”

బెల్లం పొట్లం కట్టి, అలవాటుగా ఇంత ముక్క విరిచి కొసరు నా చేతిలో పెట్టాడు. పుస్తకం తీశాడు. కొట్టేస్తానన్న నూనె పైసలు కొట్టేసి, ఆ కిందే బెల్లం, నూనె రాసుకున్నాడు. ఎంతకు రాశాడో నేను చూడలేదు.