వేరు పిలిస్తేనే వెళ్తాను

నా పేరు బ్రాడీరైజోబియం, మట్టిలో బతికే బ్యాక్టీరియాను. ఫిల్మ్‌నగర్ కొండవాలులోని ఎర్ర గరుసు మట్టి నా ఊరు. పైన మేడలు లేచాయి, షూటింగ్ వ్యాన్లు తిరిగాయి. నేను కానుగ వేళ్ల చుట్టూ మట్టిని అంటిపెట్టుకుని, దొరికింది తిని బతికాను. గాలిలో 78 శాతం నత్రజనే. దాన్ని అమ్మోనియాగా మార్చే శక్తి నాలో ఉంది, కానీ అది మొక్క లోపలికి చేరాకే మేల్కొంటుంది.

ఒక తొలకరికి ఆ చెట్టు పక్కన ఎవరో బొబ్బర్లు నాటారు. లేత వేళ్లు వదిలిన ఫ్లేవనాయిడ్లనే రసాయనాలు చెమ్మలో కలిసి నా దాకా వచ్చాయి. నాలోని నాడ్‌డి ప్రొటీను వాటిని పసిగట్టింది. జవాబుగా నాడ్ ఫ్యాక్టర్ పంపాను: కైటిన్‌ను పోలిన చిన్న గొలుసు, దానికో కొవ్వు తోక. 1990 దాకా మనుషులకు దీని నిర్మాణం తెలియదు. చిక్కంతా ఇక్కడే. తెగులు తెచ్చే బూజుల గోడల్లోనూ కైటినే ఉంటుంది. పొరబడితే వేరు నా మీద యుద్ధానికి దిగుతుంది. కానీ మూలకేశం మీది గ్రాహకాలు ఆ తోకనూ, గొలుసుకు అతుక్కున్న చిన్న చిన్న గుర్తులనూ తడిమి చూసి, తమవాడా కాదా అని తేల్చుకుంటాయి. ఎంత నేర్పు!

గుర్తుపట్టగానే కణకేంద్రకం దగ్గర కాల్షియం ఆగి ఆగి ఎగసింది. మూలకేశం కొస వంకర తిరిగి నన్ను మడతలో పొదువుకుంది. అక్కడి నుంచి లోపలికి సన్నని గొట్టం పెరిగింది. దాన్ని కట్టింది మొక్కే. అందులో ఒకటి రెండై, రెండు నాలుగై ముందుకు సాగాం. ఈలోగా లోపలి కణాలు విభజన చెంది బుడిపె కట్టాయి, మమ్మల్ని తమ పొరలో చుట్టి తీసుకున్నాయి. వేరుశనగలో ఈ గొట్టం ఉండదు, పక్కవేళ్లు పొడుచుకొచ్చిన పగుళ్లలోంచి దూరాలి. తంగేడు కూడా బొబ్బర్ల కుటుంబానిదే అయినా దాని వేళ్లకు బుడిపెలే రావు.

నత్రజనిని మార్చే నా నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ విషం. అందుకే మొక్క లెగ్‌హీమోగ్లోబిన్ తయారుచేసి ఆక్సిజన్‌ను అదుపులో పెట్టింది. బుడిపె కోస్తే కనిపించే గులాబీ రంగు దానిదే. నేను అమ్మోనియా ఇచ్చాను, మొక్క నాకు తిండి పెట్టింది. కాయలు కోశాక బుడిపె కుళ్లి, మళ్లీ మట్టిలో కలిశాను.

జూబ్లీహిల్స్ మేడల మీద కుండీల్లో బొబ్బర్లు పెంచేవారికి నా విన్నపం. కొనుక్కొచ్చిన కొబ్బరిపొట్టులో నేను ఉండకపోవచ్చు. విత్తనానికి చల్లార్చిన బెల్లం పాకంతో, మావాళ్లు ఉండే రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి నాటండి. యూరియా మాత్రం గుమ్మరించకండి. నత్రజని సమృద్ధిగా దొరికితే వేరు నన్ను పిలవడం మానేస్తుంది.