అరచేతి సంత

లోకమునందు వర్తకులు బహువిధములుగా నుందురు. సరుకు చూపి ధర దాచువారు కొందరు, ధర చూపి సరుకు దాచువారు కొందరు, ఈ రెండింటిని దాచి చిరునవ్వు మాత్రము చూపువారు మరికొందరు. ఈ మూడు తెగలలో దేనికిని చెందక, కొనవచ్చినవారి పుట్టుపూర్వోత్తరములను ఆమూలాగ్రముగా విచారించి, వారు తన సరుకునకు తగినవారేయని మనసునకు తోచిననేగాని తక్కెడకు చేయి చాపని వర్తకురాలొకతె ప్రస్తుతము అరకులోయ ప్రాంతమున వర్ధిల్లుచున్నది. అరువదియేండ్లు దాటిన వయస్సు, మట్టితో అలికిన అరుగు, అరుగుమీద ఆరబోసిన పసుపుకొమ్ములు, మూలనున్న చోళ్ల బస్తా, కొంగుముడిలో నొక ఫోను: ఆమె వ్యాపారసంస్థ యంతయు నింతియే. ఆమె పేరు చెప్పుట యనవసరము. ఏలయన ఆమె యొక్కతె కాదు. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట ప్రాంతముల పల్లెలలో వెదకినచో ఇట్టి మామ్మ యేదో యొక యరుగుమీద కానరాకపోదు. ఈ చిత్రము వారందరిని కలిపి గీసినది గనుక, ఇది తనదేయని ఏ మామ్మయైన కోపగించినచో, కాదు, ప్రక్కయింటి మామ్మదని చెప్పి తప్పించుకొనుటకు మాకు వీలు కలదు.

ఈ లోయకు నాగరకత వచ్చిన మార్గములను పరిశీలించినచో, అది యెన్నడును మామ్మకొరకు వచ్చినట్లు కానరాదు. 1960వ దశకమున జపాను సహకారముతో కొత్తవలసనుండి కిరండూలు వరకు కొండలను తొలిచి రైలుమార్గము వేసిరి. అది బైలదిల్లా యినుపరాయి కొరకు. 2017లో ఆ మార్గమున పోవు రైలునకు అద్దాలపెట్టె నొకదానిని తగిలించిరి. అది సొరంగములను, లోయలను కన్నులార చూడగోరు పట్టణవాసుల కొరకు. ఆ సంవత్సరముననే అరకు పేర పారిసు నగరమున నొక కాఫీశాల వెలసినది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కాఫీపండ్లను కోసిన చేతులు మామ్మవే యైనను, కప్పు మాత్రమామె పెదవులను చేరలేదు. చేరలేదని యామెకు విచారమును లేదు. వేకువనే చోడి అంబలి త్రాగి పనికి గడంగు ఆమెకు ఎవరో కాఫీ ధర చెప్పగా, "సేదునీల్లకి అన్నేసి డబ్బులెట్టి తాగతారా? ఆల్లకి ఒంట్లో బాగోదేటి?" అని పారిసు ప్రజల యారోగ్యమును గూర్చి మనఃపూర్వకముగా పరామర్శించినది. ఇనుపరాయి ఆమె ముంగిటనుండి పోయినది. యాత్రికుడు ఆమె ఫోటో తీసికొని పోయెను. పోక నిలిచినది ఫోనొక్కటియే.

ఆ ఫోనైనను ఆమెకొరకు కొన్నది కాదు. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులలోనికి ప్రవేశించినప్పుడు, కొడుకు అప్పుచేసి మనుమరాలికై కొనెను. ఊరిలో సిగ్నలు లేనందున, కొండమీది చింతచెట్టు క్రింద ఒక నిర్ణీతస్థలమున, ఒక నిర్ణీతదిశకు మొగమై కూర్చుండినగాని మాస్టరుగారి కంఠము వినరాదు. పిల్ల కూర్చుండి పాఠము వినుచుండగా కాపలాకై ప్రక్కనే కూర్చుండిన మామ్మ, పదియవ తరగతి పాఠములు సగమైనను ఉచితముగా గ్రహించినది. త్రికోణమితి యామెకు రుచింపలేదు గాని, ఏ బొమ్మను నొక్కిన ఏది పలుకునో మాత్రము మాస్టరుగారికంటె త్వరగా తెలిసినది. పిదప బడులు తెరచిరి. పిల్ల బడికి పోయినది. ఫోను మామ్మ కొంగున చిక్కినది. 2023 జూన్‌లో రాష్ట్రమున ఒక్కనాడే ప్రారంభమైన 100 టవర్లలో 85 ఈ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే గనుక పలుగ్రామములకు కొండయెక్కు శ్రమ తగ్గినది. మామ్మ మాత్రము పెద్దబేరము వచ్చినప్పుడు ఇప్పటికిని చెట్టుక్రిందికే పోవును. అచ్చటి సిగ్నలు పాతకాలపుది, గట్టిది యని యామె విశ్వాసము.

ఇక ఆమె వర్తకవిధానము. హైదరాబాదులోని యొక గృహిణి, స్నేహితురాలివలన మామ్మ నంబరు సంపాదించి, పట్టణపు టలవాటుచొప్పున పలకరింపైనను లేకుండ "పసుపు కేజీ ఎంత?" యని వాట్సాపులో వ్రాయును. అటనుండి ధర రాదు. నాలుగు నిమిషముల నిడివిగల కంఠధ్వని యొకటి వచ్చును. "ఎవులమ్మా నువ్వు? ఏవూరు? మీయమ్మదేవూరు? పిల్లలెంతమంది? పసుపు దేనికి, కూరకా, మొకానికా, పెల్లికా? కూరకైతే ఒకలాటిది, పెల్లికైతే ఇంకోలాటిది. బేగి సెప్పు, మేకలు తోలాల." గృహిణి మొదట తెల్లబోవును, అటుపిమ్మట, ఇటీవలి కాలమున తన్నెవ్వరు నిన్ని ప్రశ్నలు వేసియుండలేదని గుర్తుకు వచ్చుటచేత కాబోలు, వినయముతో జవాబు చెప్ప మొదలిడును. తల్లిది బొబ్బిలి యని తేలినదా, "బొబ్బిలా! మరైతే మనోల్లే గదా!" యని కేజీకి పదిరూపాయలు తగ్గును. ఈ తగ్గింపు వార్త ఎట్లో పొక్కినది మొదలు, హైదరాబాదునందు బొబ్బిలి తల్లులకు పుట్టినవారి సంఖ్య యకస్మాత్తుగా పెరిగినది.

కొనువాడెవడో అమ్మువానికి తెలియకుండ, అమ్మువాడెవడో కొనువానికి తెలియకుండ, నడుమ నొక బొమ్మను, ఒక మీటను నిలిపి, మాటామంతీ లేకుండ సరుకును గుమ్మమునకు చేర్చుటయే గొప్పయని ఆధునిక వాణిజ్యము చెప్పుకొనుచుండగా, మామ్మ తన రెండు బొటనవ్రేళ్లతో ఆ గొప్పనంతటిని పడగొట్టి, వాట్సాపును శుద్ధమైన సంతగా మార్చివైచినది. సంతలోవలెనే యిచ్చటను బేరము పావుగంట, ముచ్చట ముప్పావుగంట. పార్సెలులో పసుపుతోపాటు అడుగకయే గుప్పెడు రాజ్మాగింజలుండును, అది కొసరు. కొసరునకు రశీదు ఏ కంపెనీ కంప్యూటరును ఇయ్యజాలదు.

కొండచీపుళ్ల వ్యవహార మొక్కటి యామెను కొంతకాలము వేధించినది. పసుపునకు, పిప్పళ్లకు సంచి చాలును. నిలువెడు చీపురుకట్టను ఏ పెట్టెలో పెట్టి పంపుట? మనుమడు సగమునకు మడువుమనెను. మడిచిన చీపురు చీపురే కాదని యామె తీర్పు. తుదకు ఆర్టీసీ బస్సువారి కార్గోలో నిలువుగా పంపుటకు ఏర్పాటైనది; ఎక్కించువానికి ఫోనుచేసి "బాబూ, తలకిందులు సెయ్యకు, తలకట్టు రాలిపోద్ది" అని హెచ్చరించుటయు, విశాఖపట్టణము చేరినదాకా ప్రతి మలుపునకు కుశలమడుగుటయు నామె నిత్యకృత్యము.

మామ్మకు మనుష్యులయందు విశ్వాసము మెండు. కొలతలయందు బొత్తిగా లేదు. ఇందుకు కారణము కలదు. సంతకు దిగివచ్చిన కొండవారి చింతపండును షావుకారు తన కుంచముతో కొలిచి, తన ఉప్పును తన సోలతో కొలిచియిచ్చుచుండగా, ఆ రెండుపాత్రల యడుగులును ఒకే విధముగా నుండెడివి కావను సంగతి ఆమె తల్లి ఆమెకు ఉగ్గుతో పోసినది. ఇట్టి దళారుల బారినుండి గిరిజనులను కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. కుంచములు పోయినవి, కిలోలు వచ్చినవి, కిలోల వెనుక జీబీలు వచ్చినవి. మామ్మ అనుమానము మాత్రము చెక్కుచెదరలేదు. దినమునకు ఒకటిన్నర జీబీ యిత్తురని మనుమడు చెప్పగా, "అంటే ఎన్ని మానికిలు?" అని యడిగినది. చెప్పలేకపోయెను. "ఆడు కొలిసినప్పుడు నువ్వు సూసేవా?" చూడలేదు. "మరింకేటి!" ఆమె వంటవీడియోను లక్షమంది చూచిరని చెప్పినను ఇదే గతి: "లచ్చమంది ఏ సంతలో కూకున్నార్రా? మన ఈదిలో ఒక్కడైనా ఆగలేదు గదా?" ఈ ప్రశ్నకు పెద్దపెద్ద ప్రకటనదారులును సరియైన సమాధానము చెప్పలేరని మా నమ్మకము.

యంత్రములును ఆమెను సులభముగా నమ్మవు. దశాబ్దములుగా పసుపు తవ్వి, వండి, రుద్ది, వ్రేళ్లగీతలు అరిగిపోయినందున, రేషను దుకాణపు వేలిముద్రయంత్రము ఆమెను ఆమె కాదని త్రోసిపుచ్చును. యూట్యూబు తెరచి తన వంటవీడియోను చూపి, "ఇది నాను కాదేటి?" యని డీలరును నిలదీసినది. ఆ వీడియోను డీలరు అంతకుముందే చూచియున్నాడు. ఆమె వండిన బొంగుకోడిని మెచ్చుకొనినాడు కూడ. యంత్రము మాత్రము మెచ్చుకొనలేదు.

ఈ యూట్యూబు ప్రతిష్ఠకు కర్త మనుమడు. తెనాలి సమీపమున గుడివాడ గ్రామములో మస్తానమ్మ యను వృద్ధురాలు, మునిమనుమడు చిత్రీకరింపగా, 2016లో పొలముగట్టున వంకాయకూర వండి, శతవర్షములు దాటిన వయస్సున పదిలక్షలకు మించిన చందాదారులను సంపాదించి 2018లో కీర్తిశేషురాలైన వృత్తాంతమును, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కూలిపనులనుండి మై విలేజ్ షో యను యూట్యూబు చానలు మూలమున 2020 నాటి బిగ్‌బాస్ వరకు పోయిన వృత్తాంతమును అతడు పురాణకాలక్షేపమువలె నామెకు వినిపించెను. గంగవ్వ సంగతికి మామ్మ తల యూచినది. మస్తానమ్మ పుచ్చకాయను తొలిచి దానిలో కోడిని వండినదని విన్నప్పుడు మాత్రము జాలిచే నామె కన్నులు చెమర్చినవి. "ఆల ఊర్ల వెదురు దొరకదేటి, పాపం!"

మనుమని దర్శకత్వము మామ్మయెదుట సాగదు. "మామ్మా, ఇటు చూసి నవ్వు" అని యతడు, "కుండ అటుంటే ఇటు సూత్తారేట్రా?" అని యామె. వెదురుబొంగులో మాంసము కూరి, ఆకుతో మూతిబిగించి, నిప్పులలో పొర్లించువరకు బాగుగనే యుండును. నడుమ కుక్క రాగానే దానితో నామె చేయు సంభాషణము వంటకంటె దీర్ఘమగును. విచిత్రమేమనగా, జనులు మిక్కిలిగా చూచినవి ఆ సంభాషణములే. థింసా నాట్యమున తోటిస్త్రీల నడుములు పట్టుకొని అడుగువేయుచు, తాళము తప్పిన యొక పర్యాటకురాలిని చూపుతోనే సరిదిద్దిన ముప్పది సెకనుల రీలు, నెలల తరబడి వండిన వంటలన్నిటిని మించిపోయినది.

ప్రకటనల సొమ్మునకు వేయిమంది చందాదారులును, ఒక సంవత్సరములో నాలుగువేల గంటల వీక్షణమును కావలెనను నియమము తీరినది. ఆదాయము 10 డాలర్లను చేరగానే, చిరునామా నిజమో కాదో తెలిసికొనుటకు గూగులువారు ఆరంకెల రహస్యసంఖ్యను కాగితముపై ముద్రించి, కవరులో పెట్టి, తపాలాలో పంపుదురట! ఆకాశమార్గమున సమస్తమును నడుపు నంతటి సంస్థ, మామ్మ యిల్లెక్కడో తెలియక తుదకు పోస్టుమానును ఆశ్రయించినదని విని యామె పొందిన తృప్తి వర్ణింపనలవికాదు. ఉత్తరము వచ్చుసరికి వానలు పట్టినవి. పోస్టుమాను గెడ్డ దాటి, తడిసి వచ్చి, అరుగుమీద కూర్చుండి అంబలి త్రాగి కవరిచ్చెను. ఆ మాసమున వచ్చిన మొదటి గౌరవమర్యాదలు గూగులునకు గాక పోస్టుమానునకే జరిగినవి.

మనుమరాలు ప్రస్తుతము విశాఖలో నర్సింగు చదువుచున్నది. రాత్రి వీడియోకాలు వచ్చినప్పుడు మామ్మ ఫోనును చెవికి ఆనించును. కావున ఆ పిల్ల ప్రతిరాత్రియు తన మామ్మ కుడిచెవిని, దానికున్న పోగులను సవిస్తరముగా దర్శించును. ఫోను మన మాటలు వినునని, విన్నదానిని అమ్మునని యెవరో చెప్పినది మొదలు, డబ్బు సంగతులను ఇరువురును ఆదివాసీ ఒడియాలోనే మాటలాడుకొందురు. తెలుగు వచ్చిన ఫోనునకు ఆ భాష రాదని మామ్మ స్వయముగా పరీక్షించియున్నది: దానిని ఆ భాషలో నోరార తిట్టి చూచినది, అది వాతావరణ సమాచారము చెప్పినది.

ఇటీవల మనుమడు ఆమెతో చెప్పకయే పసుపును ఒక ఆన్‌లైను అంగడిలో పెట్టెను. బెంగుళూరునుండి తెలుగు ఉద్యోగిని యొకతె కొని, అయిదు చుక్కలకు మూడు చుక్కలిచ్చినది. పార్సెలు చీటీపై నంబరుండనే యున్నది.

"ఓలమ్మా, పసుపు పంపిన మామ్మని, అరకునుంచి. అయిదు సుక్కలుండాలట గదా, మూడే ఒచ్చేయి. రెండు దార్ల ఎక్కడైనా రాలిపోనాయేటి?"

ఉద్యోగిని తడబడి, సంచి మూల చిరిగివచ్చినదని చెప్పినది.

"సంచి సిరిగితే పసుపు సెడిందా?"

"లేదండీ, పసుపు చాలా బాగుంది."

"మరి సంచిని కూరలో యేస్తావేటమ్మా?" అని, అంతలో చెవి నిక్కించి, "ఆ దగ్గేటి? ఎన్నాల్లనుంచి? ఒక్కర్తివే ఉన్నావా, మీయమ్మ నేదా కూడా?"

ఆ మాట అరగంట సాగినది. నాలుగవ చుక్క ఆ సాయంకాలమే వచ్చినది. అయిదవది మామ్మ పంపు పిప్పళ్లు చేరి దగ్గు తగ్గిన పిమ్మట నిచ్చెదనని ఉద్యోగిని మాట యిచ్చినది. మామ్మ దానిని మనుమనిచేత బాకీల పుస్తకములో, చీపుళ్ల బాకీ క్రింద, తేదీతో సహా వ్రాయించియున్నది.