టైటానియం అల్లుడు

(మినియాపోలిస్. నవంబరు చివరి శనివారం మధ్యాహ్నం. బయట మంచు. పాత్రలు తెలుగిళ్ళలో ఎప్పుడూ ఉండేవే. అన్నీ చదివి ఏదీ కొనని పెద్దల్లుడు. చదవకుండానే కొనేసే చిన్నల్లుడు, డాలస్ నుంచి ఫోనులో. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఉద్యోగమంతా లోహాల మధ్యే చేసి రిటైరై, ఏ వస్తువు కనపడినా వేలితో కొట్టి చూసే మామగారు. పెద్దమ్మాయి కూడా ఉంది. ఆ ఇంట్లో ఆఫీసుకి సైకిలు తొక్కేది ఆవిడొక్కతే కాబట్టి ఆవిణ్ణి ఎవరూ సలహా అడగలేదు.)

పెద్దల్లుడు: మామయ్యగారూ, మీరు లోహాల్లో ఆరితేరినవాళ్ళు. ఒక ఎక్సెల్ షీటు చూపిస్తాను. రెండేళ్ళుగా తయారుచేస్తున్నా.

మామగారు: చూపించండి అల్లుడుగారూ. ఇంతకీ సైకిలు ఎందుకు?

పెద్దల్లుడు: మూడు పనులకి. రోజూ ఆఫీసు. ఎండాకాలం ఇటాస్కా సరస్సు దగ్గర మొదలుపెట్టి మిసిసిపీ వెంటే టూరు. చలికాలం మంచులో సవారీ. మూడింటికీ ఒకటే సైకిలు, అదీ జీవితాంతం ఉండాలి.

మామగారు: పెళ్ళి సంబంధానికి కూడా మీరిన్ని అడగలేదు!

పెద్దల్లుడు: అప్పట్లో ఫిల్టర్లు పెట్టడం రాదండీ. ఇప్పుడు మాత్రం తేల్చేశాను. టైటానియమే.

మామగారు: ఏ టైటానియం?

పెద్దల్లుడు: మూడు శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వనేడియం కలిపింది. ఆరూ నాలుగూ కలిపింది ఇంకా గట్టిదట. దాని కోసం వేరే షీటు ఉంది.

మామగారు: ఆ ఆరూ నాలుగుది ఇస్రో వాళ్ళ గ్యాసు సీసాలకి వాడతారు. మీరు ఆఫీసు దాకేగా? సన్న గొట్టాలుగా లాగడానికి మూడూ రెండున్నరే అనువు. ఆ రెండో షీటు మూసెయ్యండి.

పెద్దల్లుడు: ఎంతైనా అరుదైన లోహం కదండీ…

మామగారు: అరుదా! భీమిలి బీచిలో కాళ్ళకంటుకునే నల్లిసుకలో ఉంది. ఇదిగో, మీ గోడకి వేసిన తెల్లరంగులో ఉంది. భూమి పైపొరలో దొరికే మూలకాల్లో దానిది తొమ్మిదో స్థానం. దొరక్క కాదు ఖరీదు, దిగక. ఇనుప రాయినైతే బొగ్గుతో కాలిస్తే ఇనుము దిగుతుంది. దీన్ని బొగ్గుతో కాలిస్తే కార్బైడవుతుంది. అందుకని ముందు క్లోరిన్ పట్టించి ద్రవం చెయ్యాలి. ఆ ద్రవాన్ని మెగ్నీషియంతో విడగొడితే బూడిదరంగు స్పాంజి ముద్ద వస్తుంది. ఆ ముద్దని గాలి తగలకుండా మళ్ళీ కరిగించాలి. మీరు డబ్బిచ్చేది లోహానికి కాదు, కరెంటు బిల్లుకి.

(ఇంత చెప్పాక అల్లుడి ఉత్సాహం తగ్గాలి. తగ్గలేదు. కష్టపడి తీసిన లోహమని తెలిసేసరికి గౌరవం ఇంకాస్త పెరిగింది.)

పెద్దల్లుడు: బరువు చూడండి మరి. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, ఇది 4.5.

మామగారు: బిగువు కూడా ఉక్కులో సగమే. అందుకే గొట్టాలు లావు చేస్తారు. అన్నీ పోగా ఫ్రేములో మిగిలేదెంత?

పెద్దల్లుడు: ముప్పావు కిలో దాకా ఉంటుందండీ.

మామగారు: ఆ ముప్పావు కిలోకి ధర?

పెద్దల్లుడు: ఫ్రేమొక్కటే మూడు నాలుగు వేల డాలర్లు.

మామగారు: సైకిలు తాళం ఎంత తూగుతుంది?

పెద్దల్లుడు: కిలోన్నర.

మామగారు: టిఫిను డబ్బా?

(షీటులో టిఫిను డబ్బాకి గడి లేదు. అల్లుడు వెంటనే ఒకటి చేర్చాడు. ఇంతలో ఫోను మోగింది. తెర నిండా చిన్నల్లుడు, ఆయన వెనక గోడకి తగిలించిన సైకిలు.)

చిన్నల్లుడు: అన్నయ్యా, ఇంకా టైటానియం దగ్గరే ఉన్నావా? కార్బన్ కొనెయ్. నాది ఏడు కిలోలు. చూడు, రెండు వేళ్ళతో ఎత్తుతా.

మామగారు: ఎత్తడం క్రితంసారీ చూపించారు బాబూ. తొక్కడం ఎప్పుడు చూపిస్తారు?

చిన్నల్లుడు: డాలస్‌లో ఎండలు మామయ్యగారూ. కాస్త చల్లబడనివ్వండి.

పెద్దల్లుడు: క్యారియరు ఎక్కడ బిగించావు?

చిన్నల్లుడు: క్యారియరా? దీనికి ఆ బోల్టు రంధ్రాలే ఉండవన్నయ్యా. ఇది రేసు సైకిలు.

మామగారు: రేసు సైకిలంటే అంతే మరి. దాని పద్ధతి దానిది. కార్బనూ మంచిదే, టైటానియమూ మంచిదే.

(ఇద్దరల్లుళ్ళున్న మామగారికి లోహాల్లో పక్షపాతం పనికిరాదు. ఫోను పెట్టేదాకా ఆ నియమం తప్పలేదు. పెట్టాక అసలు పక్షపాతం బయటపడింది.)

మామగారు: ఆ మాటకొస్తే ఉక్కంత లోహం లేదండీ. నా అట్లాసు ఇప్పటికీ ఉంది. రాడ్డు బ్రేకులు, వెనక స్టాండు, టైరుకి రాసుకునే డైనమో. ఒక బస్తా బియ్యం, మీ అత్తయ్యగారు, మీ ఆవిడా ఒకేసారి ఎక్కేవాళ్ళు. హైన్జ్ స్టూకె అని ఒక జర్మన్ ఉన్నాడు. 1962లో మూడు గేర్ల ఉక్కు సైకిలు మీద బయల్దేరి ఆరు లక్షల కిలోమీటర్లకి పైగా తిరిగాడు. ఆయన ముప్పావు కిలో గురించి ఆలోచించాడా? ఉక్కు విరిగితే ఏ ఊళ్ళోనైనా గ్యాసు వెల్డింగు కొట్టువాడు అతికేస్తాడు. మీది విరిగితే అతుక్కి బయటా, గొట్టం లోపలా ఆర్గాన్ గ్యాసు పట్టించాలి. ఇటాస్కా అడవుల్లో ఎవడు పట్టిస్తాడు?

పెద్దల్లుడు: విరగదండీ. అతుకులు చూడండి ఎంత అందంగా ఉన్నాయో.

(మామగారు కళ్ళజోడు నుదుటికి తోసి, ఫోను ముక్కు దాకా తెచ్చుకుని, బొమ్మని వేళ్ళతో సాగదీశారు. అతుకు పొడుగునా సన్నటి అలలు వరసగా, ఒకదాని మీదొకటి వాలి ఉన్నాయి.)

మామగారు: ఇది బాగుంది. వెండి రంగే ఉంది. లేత గడ్డిరంగున్నా సరిపెట్టుకోవచ్చు. నీలం తిరిగితే వేడి మీద గాలి తగిలిందని అర్థం. తెల్లగా పొడి పట్టినట్టుంటే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. పెళుసుబారి ఉంటుంది, అక్కడే పగులుతుంది.

పెద్దల్లుడు: ఈ కంపెనీ వాళ్ళు నీలం రంగుకి నాలుగొందలు ఎక్కువ తీసుకుంటారే!

మామగారు: అది అందానికి కరెంటు పెట్టి తెప్పించే నీలం. అతుకులో తిరిగిన నీలం వేరు. ఒకదానికి మీరు డబ్బులిస్తారు, రెండోదానికి వాళ్ళివ్వాలి.

(గరాజు తలుపు లేచింది. పెద్దమ్మాయి సైకిలు తోసుకుంటూ వచ్చింది. పొడి గచ్చు మీద ఆ టైర్లు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు చేశాయి.)

మామగారు: ఏమిటమ్మా ఆ చప్పుడు?

పెద్దమ్మాయి: మేకుల టైర్లు నాన్నా. ఒక్కోదానికి రెండొందలకి పైగా మేకులుంటాయి.

మామగారు: (వంగి గోటితో గీకి) టంగ్‌స్టన్ కార్బైడు! మన సరుకే.

పెద్దల్లుడు: ఇవి మామూలు టైర్ల కన్నా చాలా బరువు. రెండూ కలిపితే కిలో దాకా ఎక్కువే తూగుతాయి.

మామగారు: అంటే ఫ్రేములో మిగిల్చిన ముప్పావు కిలో…

పెద్దల్లుడు: ఆ గడి ఇంకా నింపలేదండీ.

మామగారు: ఏమ్మా, ఇది ఉక్కేనా?

పెద్దమ్మాయి: అల్యూమినియం. రెండొందల డాలర్లకి పాతది కొన్నాను. నా మొదటిది ఉక్కుదే నాన్నా, నీ మాట విని కొన్నా. పైన రంగు ఎక్కడా చెదరలేదు. ఒకరోజు షాపులో పెడళ్ళ ఇరుసు విప్పితే గొట్టంలోంచి ఎర్రటి నీళ్ళు, వాటితోపాటు పెచ్చులు పడ్డాయి. ఉప్పునీళ్ళు లోపల నిలిచి నెమ్మదిగా తినేశాయి. నీ హైన్జ్ స్టూకె ఈ ఊళ్ళో జనవరిలో తొక్కి ఉంటే తెలిసేది.

(మామగారు అట్లాసు గురించి మళ్ళీ ఎత్తలేదు.)

పెద్దల్లుడు: అదే కదా నేను చెప్పేది! టైటానియానికి తుప్పు పట్టదు. పైన దాని ఆక్సైడే పలచగా పొరకట్టి కాపాడుతుంది.

పెద్దమ్మాయి: ఫ్రేముకి పట్టదు, ఒప్పుకున్నా. చైనుకి?

(చైను చూపించింది. నిన్న సాయంత్రం తడిసింది, రాత్రి తుడవలేదు. లింకుల మధ్య నారింజరంగు పొడి. మామగారు పెడలు వెనక్కి తిప్పారు. ఒక లింకు వంగిన చోటే బిగిసిపోయి, నిటారు కాకుండానే పళ్ళ మీద టకామని ఎగిరింది.)

పెద్దమ్మాయి: మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు సరిగ్గా పనిచెయ్యదు. అందుకని మెగ్నీషియం క్లోరైడు కూడా చల్లుతారు.

మామగారు: అరె! టైటానియం తీసేటప్పుడు స్పాంజితోపాటు మిగిలేది కూడా అదేనమ్మా. ఒకే కొలిమిలో పుట్టినవి రెండూ.

పెద్దల్లుడు: అందుకే చైను తీసేసి బెల్టు పెట్టిస్తా. లోపల కార్బన్ తీగలుంటాయి. తుప్పుండదు, నూనెతో పనిలేదు.

పెద్దమ్మాయి: బెల్టుని చైనులా విప్పి ఎక్కించలేం. వెనక ఫ్రేము విడదీసేలా ఒక సందు ఉండాలి. నీ షీటులో అలాంటి ఫ్రేములెన్ని?

పెద్దల్లుడు: (ఫిల్టరు పెట్టి) ఆరు.

పెద్దమ్మాయి: మడ్‌గార్డులు బిగించాక కూడా 45 మిల్లీమీటర్ల మేకుల టైరు పట్టేవి?

పెద్దల్లుడు: మూడు.

పెద్దమ్మాయి: వెనక క్యారియరుకి సంచులు తగిలిస్తే మడమ కొట్టుకోనంత పొడుగున్నవి?

పెద్దల్లుడు: ఒకటే.

పెద్దమ్మాయి: సైజు?

పెద్దల్లుడు: …మీ తమ్ముడికి సరిపోతుంది.

మామగారు: బెల్టయితే గేర్లెలాగ?

పెద్దల్లుడు: వెనక చక్రం ఇరుసులోనే ఉంటాయండీ. జర్మనీ రోలాఫ్ వాళ్ళది, పద్నాలుగు గేర్లు. వెయ్యి డాలర్లు దాటుతుంది. బరువు కూడా కిలోన్నర పైమాటే.

(మామగారు ఈసారి ఏమీ అడగలేదు. షీటే ఎర్రబడింది.)

మామగారు: చలిలో ఇంకేం ఇబ్బందులమ్మా?

పెద్దమ్మాయి: మైనస్ 20లో ఒకసారి ఫ్రీవీల్లో గ్రీజు గడ్డకట్టింది. లోపలుండే కొక్కేలు లేవలేదు. పెడలు తొక్కితే ఉత్తినే తిరుగుతుంది, చక్రం కదలదు. మిడ్‌టౌన్ గ్రీన్‌వే పాత రైలుమార్గం కదా, రోడ్లకి దిగువన లోయలా ఉంటుంది. అందులోంచి పైకి తోసుకుంటూ వచ్చా. అప్పట్నుంచి అక్కడ పల్చటి గ్రీజు వేయిస్తున్నా.

పెద్దల్లుడు: టైటానియం స్ప్రింగులా గతుకులు మింగేస్తుందట…

పెద్దమ్మాయి: లావు టైరులో గాలి కాస్త తగ్గించు. అదే మింగుతుంది.

మామగారు: కొంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి అల్లుడుగారూ. టైటానియం ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం దించి ఉప్పునీళ్ళు తగలనిచ్చారంటే లోపల బ్యాటరీ మొదలైనట్టే. అల్యూమినియం కరిగి, ఉబ్బి, పట్టేస్తుంది. రెండు లోహాల మధ్యా పట్టెయ్యకుండా వేసే పేస్టు పూయండి, ఏడాదికోసారి పైకి లాగి మళ్ళీ పూయండి.

పెద్దల్లుడు: అయితే కొనమంటారా, వద్దంటారా?

పెద్దమ్మాయి: నేను చెప్తా. కొను.

(ఇద్దరూ తిరిగి చూశారు. ఈ మాట ఆవిడ దగ్గర్నుంచి వస్తుందని వాళ్ళు అనుకోలేదు.)

పెద్దమ్మాయి: ఇంత ఉప్పు చల్లే ఊళ్ళో దాన్ని మించిన ఫ్రేము లేదు. రంగుండదు కాబట్టి రంగు లేచిపోవడమూ ఉండదు. గీత పడితే గిన్నెలు తోమే పీచుతో రుద్దితే సరి. తేలికనో మెత్తననో కొంటే డబ్బు దండగ. రోజూ తుడవడానికి ఒళ్ళు బద్ధకమైతే కొను. నీకది నప్పుతుంది.

పెద్దల్లుడు: ఇప్పుడే ఆర్డరు పెడతా!

పెద్దమ్మాయి: కొలతలిచ్చి చేయిస్తే ఎన్నాళ్ళకి వస్తుంది?

పెద్దల్లుడు: నాలుగైదు నెలలు…

పెద్దమ్మాయి: అంటే మంచు కరిగాక. అప్పటిదాకా కింద బేస్‌మెంటులో నీ పాత సైకిలుంది. దానికి మేకుల టైర్లు, పొడుగు మడ్‌గార్డులు, ముందూ వెనకా దీపాలు, హ్యాండిలుకి తొడుగులు వేయించు. అన్నీ కలిపి నీ నీలం రంగు ఖర్చంతే. సోమవారం నుంచి నాతో రా. మార్చిలో ఇంకా తొక్కుతుంటే టైటానియం నేనే కొనిపెడతా.

పెద్దల్లుడు: మేకుల టైర్లకీ ఒక షీటు తెరవనా?

మామగారు: ఉన్న షీటు నాకివ్వండి అల్లుడుగారూ. దాచిపెడతాను. మార్చిలో అడగండి.

(ఆ సాయంత్రం ముగ్గురూ షాపుకి వెళ్ళారు. మడ్‌గార్డులు దొరికాయి, దీపాలు దొరికాయి, తొడుగులూ దొరికాయి. మేకుల టైర్లు మాత్రం ఆయన చక్రం సైజులో అయిపోయాయి. తొలి మంచు పడ్డాక వెతికేవాళ్ళకి ఏటా ఇదే గతి. మంచు ఊళ్ళలో ఉండే పాఠకులు ఏ లోహం సైకిలు కొనుక్కున్నా సరే, ఆ టైర్లు మాత్రం సెప్టెంబరులోనే తెచ్చి పెట్టుకోండి.)