తడికి ఓర్చే చెక్క

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్న మా మేనకోడలు వేసవి సెలవులకు హన్మకొండ వస్తూ, గోనెసంచిలో చుట్టిన పగిలిన పలకొకటి మోసుకొచ్చింది.

అది ఎంటర్‌ప్రైజ్ పడవ సెంటర్‌బోర్డు. ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్ 1956లో రూపొందించిన పడవ అది. నాలుగు మీటర్ల పొడవు, నీలి తెరచాపలు, నడిపేది ఇద్దరు. గాలి పక్కనుంచి తోస్తే పడవ అడ్డంగా కొట్టుకుపోకుండా, ఆ తోపును ముందుకు నడకగా మార్చేది నీటి అడుగున ఉండే ఈ పలకే. బోల్టు రంధ్రం దగ్గర పుట్టిన పగులు అప్పటికే జానెడు పాకింది.

"ఇక పనికిరాదంటున్నారు మామయ్యా" అంది దిగులుగా.

మట్టెవాడలో ఒక వడ్రంగి పెద్దయ్య దగ్గరికి తీసుకెళ్లాను. పలకను వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"నికార్సైన చెక్క బిడ్డా, బతుకుతది. గదే పొట్టు పలకైతే నీళ్లకు ఉబ్బి ఎప్పుడో పోవు."

ముందు వారం రోజులు నీడలో ఆరబెట్టించాడు. ఎండలో పెడితే వంకర పోతుందట, తడి ఉంటే జిగురు పట్టదట. పగులు ఇంకా పాకకుండా దాని కొసన సన్నటి రంధ్రం వేశాడు. నల్లబడిన చెక్కంతా ఉలితో తీసేసి, నార అదే వైపు ఉండేలా టేకు బద్ద చెక్కి, ఎపాక్సీ జిగురుతో కూర్చాడు. క్లాంపులు బిగించబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మరీ బిగియ్యకు సార్. జిగురంత బయటికొస్తే చెక్కకేం మిగుల్తది?"

రందా పట్టి నునుపు చేశాక, అతుకు ఎక్కడుందో నా వేళ్లకు తెలియలేదు.

"మన పాఖాల చెరువుల గూడ నడుస్తదా గీ పడవ?" అని మా పిల్లను అడిగాడు.

"గాలి ఉంటే చాలు తాతా!"

జులైలో సాగర్ మీద గాలి జోరుగా వీచింది. పలక చెక్కుచెదరలేదు. ఆ అతుకు చూసిన కోచ్, విరిగాయని మూలన పడేసిన మరో రెండు పలకలను మా పిల్లతో పంపించాడు. వాటిని తీసుకుని మట్టెవాడ వెళ్తే షాపు షట్టర్ దించి ఉంది.

"తలుపులు, కిటికీలు, మంచాలు అన్నీ రెడీమేడే గద సార్. పెద్దయ్యకు పనేది?" అంటూ పక్కనున్న చాయ్ కొట్టతను దారి చెప్పాడు.

సన్నగా వాన పడుతోంది. రోడ్డు మీద అద్దాల ఫర్నిచర్ షోరూం ముందు, వదులైన నీలిరంగు యూనిఫాంలో పెద్దయ్య నిలబడి ఉన్నాడు. నా చేతిలోని పలకలు చూడగానే ముఖం వెలిగింది. తీసుకుని, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రెండూ బతుకుతయి సార్. కానీ ఇప్పుడు నేను గీడికెళ్లి కదలొద్దు."

"ఎందుకు పెద్దయ్యా?"

"లోపలంత పొట్టు పలకల సామానే. చుక్క నీళ్లు తగిలినా ఉబ్బుతదట. వాన లోపలికి రాకుంట చూస్కునుడే నా డ్యూటీ."