ట్యాగు జాగ్రత్త, సోమవారం వాపసు చేయాలి

ఈ కాలంలో వైరాగ్యం కరువైందని బాధపడే పెద్దలు ఒక్కసారి కొరియర్ ఆఫీసు ముందు నిలబడి చూడాలి. కొన్నదేదీ తనది కాదని, పది రోజులకు మించి దేనిమీదా మమకారం పెంచుకోకూడదని, అనుభవించి వదిలేయడమే ఉత్తమమని గ్రహించిన జ్ఞానులు అట్టపెట్టెలతో బారులు తీరి ఉంటారు. పాతకాలపు సన్యాసులు వదిలేశాక మళ్లీ అటు తిరిగి చూసేవారు కాదు. వీళ్లు వదిలేశాక డబ్బు అకౌంటులో పడిందా లేదా అని గంటకోసారి చూసుకుంటారు. ఆ ఒక్క తేడా తప్పిస్తే పరిపూర్ణ వైరాగ్యమే.

వీరి నియమనిష్ఠలు చూడాలంటే మాఘమాసం పెళ్లిళ్లకు వెళ్లాలి. ఆవిడ ఒంటిమీద ఖరీదైన లెహంగా ధగధగలాడుతుంటుంది. వీపు వెనక లోపలికి దోపిన అట్టముక్క గుచ్చుకుంటున్నా ముఖంలో చిరునవ్వు చెదరదు. కుర్చీలో వెనక్కి ఆనుకోదు. గంధం పూయడానికి వస్తే చేయి వెనక్కి లాక్కుంటుంది. పన్నీరు చల్లే పిల్లలు ఎదురైతే అరటిచెట్టు చాటుకు తప్పుకుంటుంది. అక్షింతల పసుపు అంటుతుందని వాటిని వేళ్ల కొసలతో దూరం నుంచే విసురుతుంది. బంతిలో పప్పు వద్దు, పులుసు వద్దు, ఆవకాయ అసలే వద్దు. పెరుగన్నంతో సరిపెట్టుకుంటుంది. ఉపవాసాలు చేసేవాళ్లకు కూడా ఇంత నిగ్రహం ఉండదు. సోమవారం పొద్దున్నే యాప్ తెరిచి, కారణాల పట్టికలో ‘సైజు సరిపోలేదు’ అన్నచోట నొక్కుతుంది. శనివారం రాత్రి దిగి స్టేటస్‌లో పెట్టిన ఫొటోలన్నింటిలోనూ ఆ సైజు చక్కగా సరిపోయింది. ఆ తర్వాత ఆదివారం ఒక్కరోజులోనే లెహంగా కుంచించుకుపోయి ఉండాలి.

మగవాళ్లు తక్కువ తిన్నారా? ఇంటర్వ్యూకి బ్లేజరు, అరకు ప్రయాణానికి ట్రాలీ సూట్‌కేసు, గోడకు ఒక్క కన్నం పెట్టడానికి డ్రిల్లింగ్ మెషీను, ప్రపంచకప్ ఫైనలుకు పెద్ద టీవీ. మన జట్టు ఓడిపోతే టీవీ వాపసివ్వడానికి మనోవేదన అనే అదనపు కారణం కూడా దొరుకుతుంది.

ఒకప్పుడు మన ఊళ్లలో ఈ విద్యకు చోటే ఉండేది కాదు. బట్టల కొట్లో గల్లాపెట్టె వెనక రెండు బోర్డులు వేలాడేవి. ‘నేడు నగదు, రేపు అరువు’ అని ఒకటి, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని మరొకటి. మొదటిదాన్ని బతిమాలి దాటొచ్చు. రెండోదాన్ని దేవుడు కూడా దాటలేడు. ఒక్క ఉతుకుకే రంగు వెలిసిన చీర పట్టుకెళ్తే సేటు చీరకేసి చూసేవాడు కాదు, బోర్డుకేసి వేలు చూపించేవాడు. అది అన్యాయమే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. అయితే చట్టం మాట్లాడింది సరుకులోని లోపం గురించి. లోపం కొన్నవాడి బుద్ధిలో ఉంటే ఏం చేయాలో రాయలేదు. ఆ ఖాళీని కంపెనీల రిటర్న్ పాలసీలు ఉదారంగా పూరించాయి.

ఈ విద్యకు గురుకులం అమెరికా. మెయిన్ రాష్ట్రంలో బీన్ అనే పెద్దమనిషి 1912లో వేటగాళ్ల కోసం కింద రబ్బరు, పైన తోలు పెట్టి బూట్లు తయారుచేశాడు. మొదట అమ్మిన 100 జతల్లో 90 జతలు కుట్లు ఊడి తిరిగొచ్చాయి. ఆయన అందరికీ డబ్బు వాపసిచ్చి, అప్పుచేసి మరీ బూట్లను బాగుచేసుకున్నాడు. నచ్చకపోతే ఎప్పుడైనా తెచ్చివ్వండన్న ఆ మాట మీదే ఎల్.ఎల్.బీన్ కంపెనీ నూరేళ్లు నడిచింది. ‘ఎప్పుడైనా’ అన్నదాన్ని జనం చాలా శ్రద్ధగా చదువుకున్నారు. ఏళ్ల తరబడి తొడిగి అరగదీసిన బూట్లు పట్టుకొచ్చారు. ఎవరో పెరట్లో అమ్మకానికి పెట్టిన పాత సామాన్లలో దొరికినవాటిని పట్టుకొచ్చి ఇవి మీవే కదా అన్నారు. అయిదేళ్లలో 25 కోట్ల డాలర్లు పోయాయని లెక్క తేలాక 2018లో కంపెనీ ఏడాది గడువు పెట్టింది. 90 జతలు ఊడినా నిలబడ్డ మాట, ఊడని బూట్లు తెచ్చినవాళ్ల దెబ్బకు ఊడిపోయింది.

కొండలెక్కేవాళ్ల సామాన్లు అమ్మే ఆర్‌ఈఐ సంస్థకు 2013 దాకా గడువన్నదే లేదు. గుడారం కొనడం, అడవిలో పడుకోవడం, మట్టితో సహా తెచ్చివ్వడం ఎంత మామూలైందంటే, జనమే ఆ సంస్థకు ‘రెంటల్ ఎక్విప్‌మెంట్’ అని ముద్దుపేరు పెట్టారు. పెద్ద దుకాణాల సంస్థ కాస్ట్‌కో కూడా టీవీలు, కంప్యూటర్ల విషయంలో 2007లోనే 90 రోజుల గీత గీసుకోవాల్సి వచ్చింది. అక్కడి రిటైల్ సమాఖ్య లెక్క ప్రకారం 2023లో అమెరికన్లు వెనక్కిచ్చిన సరుకు విలువ సుమారు 743 బిలియన్ డాలర్లు. అమ్మిన ప్రతి 100 డాలర్ల సరుకులో పద్నాలుగున్నర డాలర్లది తిరుగుటపాలో వచ్చేసింది. అందులో 101 బిలియన్లు అచ్చమైన మోసం ఖాతాలో పడ్డాయి.

ఆ గురుకులంలో మనవాళ్లు వెనకబెంచీలో కూర్చున్నారనుకుంటే పొరపాటు. అమ్మానాన్నలు ఆరునెలల వీసా మీద వస్తారు. వాళ్లకోసం పరుపు వస్తుంది, గది హీటరు వస్తుంది, నాన్నగారు నడవడానికి ట్రెడ్‌మిల్ వస్తుంది. వాళ్లు విమానమెక్కే వారం ముందు ఇవన్నీ ఒకటొకటిగా కారెక్కుతాయి.

“ఇదేంట్రా, ఆర్నెల్లు పడుకున్న పరుపు ఎలా తిరిగిస్తావు?” అంటుంది తల్లి.

“ఇక్కడ అంతేనమ్మా. ఏమీ అనరు.”

“అనకపోతే మాత్రం? మనకుండక్కర్లా?”

“నీకు తెలీదులే అమ్మా, వాళ్ల పాలసీ అది.”

ఆ తల్లి మనూళ్లో పక్కింటి నుంచి గ్లాసు పంచదార తెస్తే, తిరిగిచ్చేటప్పుడు గ్లాసు మీద గోపురం పెట్టి ఇచ్చిన మనిషి. కొడుక్కి రెండు డిగ్రీలున్నాయి కాబట్టి వాదించకుండా ఊరుకుంటుంది.

మనదేశంలో ఈ విద్య ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. ఒక చొక్కా కావాలంటే మూడు సైజులు తెప్పించు, ఒకటి ఉంచు, రెండు పంపు. నాలుగో అంతస్తుకు లిఫ్టు లేకపోతే అది ఎక్కే కుర్రాడి సమస్య. వాడు ఎక్కి, “అక్కా, ట్యాగు చూపించండి, ఫొటో తీయాలి” అంటే, “మేం దొంగల్లా కనిపిస్తున్నామా?” అని గద్దించాలి. ఇక మంగళగిరిలోనో చీరాలలోనో నేసిన చీరను ఆన్‌లైన్లో అమ్ముకునే చిన్న వ్యాపారి సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగు ఫొటోలో చూసినట్టు లేదని చీర తిరిగొస్తుంది. విప్పి చూస్తే అంచుకు ఫాల్ కుట్టి ఉంటుంది, భుజం దగ్గర పిన్నీసు కన్నాలుంటాయి, మడతల్లోంచి మల్లెపూల వాసన వస్తుంది. ఫాల్ కుట్టించేదాకా రంగు కనపడలేదన్నమాట. ఆ చీరను ఆయన మళ్లీ కొత్తదని అమ్మలేడు, పాతదని ఒప్పించనూ లేడు.

ఇంకా పైమెట్టుకు చేరినవాళ్లు పెట్టెలో ఫోను తీసుకుని సబ్బుబిళ్ల పెట్టి పంపుతారు. ఫోనుకు డబ్బుకట్టి సబ్బు అందుకున్న అభాగ్యులూ ఉన్నారు కాబట్టి సబ్బు రెండువైపులా ప్రయాణిస్తోంది. ఎవరు ముందు మొదలుపెట్టారో తేల్చడం కష్టం. ఫలితంగా ఇవాళ నిజాయితీపరుడు కూడా పార్సిల్ విప్పుతూ పంచనామా చేస్తున్నట్టు వీడియో తీసుకోవాల్సి వస్తోంది.

కంపెనీలేమీ పాలుతాగే పసిపాపలు కావు. ‘నచ్చకపోతే వాపసు, ప్రశ్నలుండవు’ అని ఊరించి కొనుగోళ్లు పెంచుకున్నది వాళ్లే. ఒక్కో బ్రాండుకు ఒక్కో కొలత, ప్రతి ఫొటోకూ దీపాల వెలుగులో పుట్టిన రంగు. ప్రశ్నలుండవన్నవాళ్లే ఇప్పుడు ఎక్కువసార్లు వాపసిచ్చినవాళ్ల ఖాతాలు మూసేస్తున్నారు. బట్టలమ్మే జారా కంపెనీ 2022లో బ్రిటన్‌లో పోస్టు వాపసులకు రుసుము మొదలుపెట్టింది. మరి రుసుములేని చోట కంపెనీ నష్టం భరిస్తోందనుకున్నారా? వచ్చిపోయే బండి కిరాయి, చిరిగిన పెట్టె, అమ్ముడుపోని లెహంగా అన్నీ కూడి, భాగించి, ధరలో కలిపేస్తుంది. కంపెనీని బోల్తా కొట్టించానని మురిసిపోయే మేధావి నిజానికి జేబు కొట్టింది ఎన్నడూ ఏదీ వాపసివ్వని వాడిది.

అలాంటివాళ్లు మనలో కోకొల్లలు. మొహమాటమే వాళ్ల ఆస్తి. సైజు చిన్నదైతే తమ్ముడికిస్తారు, తమ్ముడికీ పట్టకపోతే స్టీలు సామాన్లవాడికి వేస్తారు. కౌంటరు దగ్గరికెళ్లి అడగడమంటే నలుగురిలో చేయి చాచినట్టు కుంచించుకుపోతారు. మొహమాటమున్నవాడు డబ్బు కడతాడు, లేనివాడు బట్ట కట్టుకుంటాడు. ఈ దేశంలో రిటర్న్ పాలసీ నడుస్తున్న తీరు ఇది.

మా వీధిలో ఉండే రిటైర్డు మాస్టారికి ఈ సంగతంతా వివరించి, బొత్తాం ఊడొచ్చిన కొత్త చొక్కా ఒకటి పట్టుకెళ్లి వాపసు అడగమన్నాను. చట్టం, 30 రోజులు, హక్కు అన్నీ చెప్పి ధైర్యం నూరిపోశాను. ఆయన జీవితంలో మొదటిసారి అడగడానికి వెళ్లాడు. కౌంటరు కుర్రాడు బిల్లు చూశాడు, కాలరు వాసన చూశాడు, చంకల దగ్గర వెలుతురుకు ఎత్తి చూశాడు. “వేసుకున్నారా సార్?” అన్నాడు.

“రెండు నిమిషాలు, అద్దం ముందు” అన్నాడు మాస్టారు, అబద్ధం రాక.

“అయితే వాడినట్టే సార్. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీశారా?”

ఆయన పక్కనే, వీపు మీద అట్టముక్క ఆనవాళ్లతో ఒక షేర్వాణీని తెచ్చినాయన చిరునవ్వుతో డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన అన్ని ప్రశ్నలకూ జవాబులు కంఠస్థం చేసుకుని వచ్చాడు. మాస్టారు చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని, దారిలో పది రూపాయలకు బొత్తాల ప్యాకెట్ కొన్నాడు. ఆ పది రూపాయలకూ బిల్లు రాయించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ ప్యాకెట్ విప్పుతూ మనవడి చేత వీడియో తీయించాడు.