హిస్టరీ వ్యూయర్‌ని బాగుచేయబోయేవారికి కొన్ని సలహాలు

ముందు గిట్‌కేని తిట్టండి. గిట్ పుట్టిన 2005లోనే పాల్ మెకెరాస్ టికిల్-టీకేలో రాసిన హిస్టరీ వ్యూయర్ అది. పైన కమిట్ల గీతలు, కింద ఎడమవైపు మార్పులు, కుడివైపు ఫైళ్ల పేర్లు. పాతది, అంతే, తిరగరాయడానికి వేరే కారణం దేనికి? రోజూ వాడేవాళ్లని మాత్రం అడక్కండి. "వెతికింది చప్పున దొరికితే చాలు బాబూ" అంటారు, మీ ఆర్నెల్ల ప్రాజెక్టు కాస్తా వారంలో తేలిపోతుంది.

మొదటి వరుస చూపించే ముందే చరిత్రంతా చదివించండి. లైనక్స్ కెర్నెల్‌లో పది లక్షలకు పైగా కమిట్లున్నాయి. చక్రం అలా తిరుగుతూ ఉంటే లోపల ఏదో ఘనకార్యం జరుగుతోందనుకుంటారు. ఏ కమిట్‌కి ఏది పేరెంటో త్వరగా తేల్చే కమిట్-గ్రాఫ్ ఫైలు 2018లో గిట్ 2.18తోనే వచ్చింది. దాని జోలికి పోకండి.

మెర్జ్ అంటే రెండు గీతలు కలవడమే అనుకోండి. కెర్నెల్‌లో 66 మంది పేరెంట్లున్న మెర్జ్ ఒకటుంది, నిజమే. మొదటి ఇద్దరినీ గీసి, మిగతావాళ్లని గాలికొదిలేయండి. గీతలకి ఎరుపు, ఆకుపచ్చ తప్ప మరో రంగు వద్దు. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్లు డెమోకి రారు.

తేదీల దగ్గర మీ ప్రతిభ చూపాలి. రీబేస్ చేస్తే, రాసిన తేదీ అలాగే ఉంటుంది, కమిట్ తేదీ మారుతుంది. రెండూ చూపిస్తే జనానికి విషయం అర్థమైపోతుంది. ఒకటే చూపించండి, అది ఏదో చెప్పకండి.

కమిట్ సందేశాన్ని సరిగ్గా 50 బైట్ల దగ్గర కత్తిరించండి. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉండదు. యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకి మూడు బైట్లు, గుణింతానికి మూడు, మధ్యలో వచ్చే పొల్లుకి ఇంకో మూడు. "జీతాల లెక్కలో తప్పు సరిదిద్దాను" అని ఎవరో బుద్ధిగా రాసుకున్న సందేశం మీ తెరమీద "జీతాల లెక్కలో తప్ప" అని ఆగుతుంది. ఆ ఒక్క కొమ్ము ఊడితే అకౌంట్స్ వాళ్లు ఏమనుకుంటారో మీకెందుకు?

కీబోర్డు షార్ట్‌కట్‌లన్నీ పీకేయండి. ఆ స్థానంలో గుండ్రటి మూలల బటన్లు, వీలైతే కాస్త యానిమేషన్.

ఒక్క జాగ్రత్త. శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ పడిపోయి, ఏ మార్పు కొంప ముంచిందో పది నిమిషాల్లో తేల్చమని మేనేజర్ ఫోన్ చేయొచ్చు. మీ మెషీన్లో గిట్‌కేని మాత్రం తీసేయకండి.